ఆఖరి పులిని చంపిందెవరో ముందు కనుక్కోండి

పులులో, తోడేళ్లో, సింహాలో ఒకప్పుడు తిరిగి, ఇప్పుడు లేకుండా పోయిన అడవికి వాటిని మళ్లీ తేవాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: జంతువులు ఎక్కడ దొరుకుతాయి? నేను తిరిగి అడుగుతాను: మీ దగ్గర ఆఖరిది ఎలా చచ్చింది? "వేటాడేశారండీ" అంటారు. ఎవరు, దేనితో, ఎందుకు అంటే జవాబు ఉండదు. ఆ జవాబు దొరికేదాకా జంతువు కోసం వెతకొద్దు. ఆఖరిదాన్ని చంపిన చెయ్యే రేపు మీరు తెచ్చిన మొదటిదాన్నీ చంపుతుంది.

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం మెడకు సిగ్నల్ పంపే పట్టీ, అంటే కాలర్, వేసిన మృగాల వెనక యాంటెన్నా పట్టుకుని నడవడంతోనే గడిచింది. అందుకే ఇక్కడ కాగితం పని గురించి తక్కువ, నేల మీద పని గురించి ఎక్కువ చెబుతాను. అనుమతులు, నిధుల దరఖాస్తుల సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. జంతువులను తిరిగి తేవడం మీద అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఒకప్పుడు జంతువును మాయం చేసిన కారణాన్ని సరిగ్గా గుర్తించి, దాన్ని తొలగించినట్టో బాగా తగ్గించినట్టో గట్టి ఆధారం చూపాలని అందులో ఉంది. పెద్ద మృగాల విషయంలో ఇంతకంటే పనికొచ్చే వాక్యం నేను చదవలేదు.

కారణం వెతకడం

వేటాడేశారు అనే ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు కథలు ఉంటాయి. చర్మం, ఎముకల కోసం వచ్చే ముఠా ఒకటి. ఆవును చంపిందన్న కోపంతో ఆ కళేబరం మీదే పురుగుమందు చల్లే కాపరి ఇంకొకటి. అడవి పంది కోసం బైకు క్లచ్ వైరుతో ఉచ్చు బిగించేవాడికి పులితో ఏ శత్రుత్వమూ లేదు, కానీ అందులో పులి పడుతుంది. కొన్నిచోట్ల ప్రభుత్వమే తోడేలు తలకు ఇంత అని బహుమతి ఇచ్చి చంపించింది. ఇంకొన్నిచోట్ల ఎవరూ చంపలేదు, జింకలన్నీ అయిపోయాక ఆకలే చంపింది. ఒక్కోదానికి మందు వేరు. ముఠాను పట్టుకోవడానికి పెట్టిన చెక్‌పోస్టు విషాన్ని ఆపలేదు.

రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అడవి సంగతి చూడండి. అక్కడ ఒక్క పులి కూడా మిగల్లేదని 2005లో తేలింది. 2008 జూన్ 28న అదే రాష్ట్రంలోని రణథంబోర్ నుంచి ఒక మగ పులిని హెలికాప్టర్‌లో తెచ్చారు. దానికి ఎస్‌టీ-1 అని నంబరు. 2010 నవంబరులో అది చచ్చిపడి ఉంది. పరీక్ష చేస్తే విషం. అప్పటికీ ఆ అడవి లోపల ఊళ్లున్నాయి, పశువులు మేస్తున్నాయి. కాలర్ ఉంది, సిబ్బంది ఉన్నారు, హెలికాప్టర్ కూడా వచ్చింది. కానీ పశువు పోయినవాడి కోపానికి దారి చూపించే పని వెనకబడింది.

కారణం ఎలా కనుక్కోవాలి? రికార్డు గదిలో ఒక వారం కూర్చోండి, అడవిలో ఒక సీజన్ నడవండి. రికార్డుల్లో పాత కేసులు, పరిహారం దరఖాస్తులు, రోడ్డు ప్రమాదాలు దొరుకుతాయి. అడవిలో చూడాల్సినవి: కంచెల వెంట, పొలాల గట్ల వెంట, నీటి గుంటలకు వెళ్లే సన్నని దారుల మీద ఎన్ని ఉచ్చులు దొరుకుతున్నాయి, పాతవెన్ని, కొత్తవెన్ని. తుప్పు పట్టిన వైరు గతం చెబుతుంది, మెరుస్తున్న వైరు వర్తమానం చెబుతుంది. పదిమంది చెయ్యి దూరంలో వరసగా నడిస్తేనే ఉచ్చు కంటికి ఆనుతుంది. జీపులో తిరిగితే ఒక్కటీ కనిపించదు. నెల నెలా అదే దారుల్లో మళ్లీ నడవండి. కొత్త ఉచ్చులు తగ్గుతున్నాయని మీ నోటుబుక్కే చెప్పాలి, ఎవరి హామీయో కాదు.

తిండి లెక్క

ఇది చిన్న లెక్క, కానీ చాలామంది వెయ్యరు. ఒక పెద్దపులి ఏడాదికి సుమారు 50 గిట్టల జంతువులను చంపుతుంది. మందలు తరిగిపోకుండా ఉండాలంటే ఏటా పదో వంతుకు మించి పోకూడదు. అంటే ఒక్క పులి వెనక 500 జింకలో, కణుతులో, అడవి పందులో ఉండాలి. పది పులులు కావాలంటే 5,000. వేరే మృగమైతే స్థూలంగా ఇంకో కొలత ఉంది: పదివేల కిలోల ఆహార జంతువులు ఉన్నచోట 90 కిలోల మాంసాహారి బతుకుతుంది.

లెక్కపెట్టడానికి ట్రాన్సెక్ట్‌లు, అంటే అడవిలో ముందే గుర్తు పెట్టుకున్న తిన్నని గీతల మీద తెల్లవారగానే నడిచి, కనిపించిన ప్రతి మందకూ దూరం, కోణం రాసుకోవాలి. ఎండాకాలం చివర, మేత, నీళ్లు అన్నిటికంటే తక్కువగా ఉన్నప్పుడు వచ్చిన అంకెనే నమ్మండి. వానల తర్వాత పచ్చిక మీద కనిపించే మందలు చూసి మురిసిపోయి అడవంతటికీ గుణించేవాళ్లను చాలామందిని చూశాను.

లెక్క చాలకపోతే ముందు జింకలను పెంచండి, మృగం తర్వాత రావచ్చు. ఐబీరియన్ లింక్స్‌ను స్పెయిన్, పోర్చుగల్ అలాగే కాపాడుకున్నాయి. ఆ పిల్లి జాతి మృగం దాదాపుగా కుందేళ్ల మీదే బతుకుతుంది, రోగాలొచ్చి కుందేళ్లు పోయేసరికి అదీ పోయింది. 2002 లెక్కలో వంద కూడా లేవు. కుందేళ్లు తిరిగి పెరిగేలా పొదలు, కలుగులు ఏర్పాటు చేశారు, ప్రైవేటు భూముల యజమానులతో ఒప్పందాలు రాసుకున్నారు, కేంద్రాల్లో పెంచిన లింక్స్‌లను వదిలారు. 2023 నాటికి రెండు వేలు దాటాయి. ఇరవై ఏళ్ల పని అది. మూడేళ్ల ప్రాజెక్టుకు నిధులు తెచ్చుకుని మొదలుపెట్టేవాళ్లు ఈ అంకెను గోడకు అంటించుకోవాలి.

ఊళ్లో మాట్లాడటం

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రాజెక్టులు చచ్చేది ఇక్కడే.

2018 జూన్‌లో ఒడిశాలోని సత్కోసియాకు మధ్యప్రదేశ్‌లోని కన్హా నుంచి ఒక మగ పులిని, ఆ తర్వాత బాంధవ్‌గఢ్ నుంచి ఆడ పులిని తెచ్చారు. చుట్టుపక్కల ఊళ్లు మొదటి నుంచీ ఒప్పుకోలేదు. ఆడ పులి ఇద్దరు మనుషులను చంపిందని ఊళ్లు తిరగబడ్డాయి. నవంబరు వచ్చేసరికి మగ పులి ఉచ్చు గాయంతో చచ్చింది, ఆడదాన్ని పట్టి కంచె వేసిన ఆవరణలో, అంటే ఎన్‌క్లోజర్లో పెట్టారు. రెండేళ్లు దాటాక తిరిగి మధ్యప్రదేశ్‌కే పంపేశారు. దేశంలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పులిని తరలించడం అదే మొదలు. ఆరు నెలలు కూడా నిలవలేదు.

అమెరికాలో కొలరాడో ప్రజలు 2020లో ఓటేసి తోడేళ్లను రప్పించుకున్నారు. అనుకూలంగా పడినవి సగం కంటే కాస్త ఎక్కువ. ఓట్లు ఎక్కువగా పట్టణాల నుంచి వచ్చాయి, తోడేళ్లు వెళ్లింది పశువుల రైతులుండే పడమటి వైపు, వాళ్లలో ఎక్కువమంది వద్దన్నవాళ్లు. అక్కడ ఒక్క పశువు నష్టానికి 15,000 డాలర్ల వరకు పరిహారం ఇస్తామని చట్టం పెట్టారు. అయినా గొడవ ఆగలేదు. డబ్బు ఒక్కదానితో తీరే విషయం కాదది. అడగకుండా తెచ్చి పెట్టారన్న కోపం రశీదుతో చల్లారదు.

కాబట్టి ఊళ్లో మీటింగు పెట్టి, ప్రొజెక్టర్లో పులి బొమ్మలు చూపించి, సంతకాలు తీసుకుని రావద్దు. మీటింగులో పెద్దమనుషులు మాట్లాడతారు, మందల వెంట వెళ్లేవాళ్లు వెనక నిలబడి వింటారు. మీకు కావాల్సింది ఆ వెనకవాళ్లు. వాళ్లతో పాటు మంద వెనక రోజంతా నడవండి. ఏ మడుగు దగ్గర పశువులు చెదిరిపోతాయో, ఏ నెలలో దూడలు పుడతాయో, రాత్రి దొడ్డికి కాపలా ఎవరో నడిస్తేనే తెలుస్తుంది. ఒకసారి ఒక కాపరి నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా శిక్షణ తరగతుల్లో మొదట చెబుతాను: "మీ జంతువు చస్తే మీరు కేసు పెడతారు. నా జంతువు చస్తే నేనెవరి మీద పెట్టాలి?" దానికి ముఖం మీద జవాబు చెప్పగలిగిన రోజునే మీరు సిద్ధమైనట్టు.

జవాబులో మూడు భాగాలుంటాయి. మొదటిది దొడ్డి. తోడేలు కింద తవ్వుతుంది, చిరుత పైనుంచి దూకుతుంది. సింహమైతే బయట నిలబడి వాసన తగలనిచ్చి, పశువులే బెదిరి కంచె తెంచుకుని బయటికి వచ్చేలా చేస్తుంది. అందుకే ఆఫ్రికాలో కొన్నిచోట్ల దొడ్డి చుట్టూ లోపల ఏముందో కనిపించని మందపాటి గుడ్డ కడతారు. తోడేళ్లకు తాడు మీద వరసగా ఎర్ర గుడ్డపేలికలు వేలాడదీస్తే కొన్ని వారాలు దగ్గరికి రావు, తర్వాత అలవాటు పడిపోతాయి. కాబట్టి దాన్ని దూడలు పుట్టే కాలానికి దాచుకోండి, ఏడాది పొడవునా కట్టి వృథా చెయ్యొద్దు. నమీబియాలో 1994 నుంచి రైతులకు అనటోలియన్ జాతి కాపలా కుక్కలను ఇస్తున్నారు, వాటిని పిల్లలుగా ఉన్నప్పుడే మేకల మధ్య పెంచితే మందను తమదే అనుకుంటాయి. కుక్కలు వచ్చాయంటే టీకాలు కూడా రావాలి. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీలో కుక్కల డిస్టెంపర్ వైరస్ మూడో వంతు సింహాలను తుడిచిపెట్టింది. చుట్టుపక్కల ఊరకుక్కలకు కూడా టీకా వెయ్యాలి, ఇది మృగం రావడానికి ముందే జరగాలి.

రెండోది పరిహారం. ఎంత అన్నదానికంటే ఎన్ని రోజుల్లో అన్నది ముఖ్యం. ఫోన్ వచ్చిన రోజే మనిషి వెళ్లాలి. వెళ్లినవాడికి కళేబరం చదవడం రావాలి. గొంతు దగ్గర చర్మం ఒలిచి చూడండి: లోపల రక్తం గడ్డకట్టి కమిలి ఉంటే బతికుండగా పట్టినట్టు, శుభ్రంగా ఉంటే రోగంతో చచ్చినదాన్ని తర్వాత పీక్కుతిన్నట్టు. కోరపళ్ల గుర్తుల మధ్య దూరం కొలవండి, ఈడ్చిన జాడ చూడండి. ఇదంతా యజమాని ముందే, ఆయనకు చూపిస్తూ చెయ్యాలి. అనుమానం మిగిలితే యజమాని వైపే తేల్చండి. అబద్ధపు దరఖాస్తుకు పోయే డబ్బు, విషం పెట్టిన పులితో పోలిస్తే ఏమీ కాదు.

మూడోది, మృగం ఉన్నందుకే డబ్బు. స్వీడన్‌లో రెయిన్‌డీర్లు పెంచే సామీ తెగ ఊళ్లకు 1996 నుంచి ఎన్ని రెయిన్‌డీర్లు చచ్చాయన్న లెక్కన ఇవ్వరు, వాళ్ల ప్రాంతంలో లింక్స్‌లు, వోల్వరీన్‌లు అనే చలిదేశపు మాంసాహారులు ఎన్నిచోట్ల పిల్లలు పెట్టాయన్న లెక్కన ఇస్తారు. అప్పుడు గుహలో పుట్టిన పిల్లలు ఊరికి ఆదాయం అవుతాయి. నాకు అన్నిటికంటే ఇదే నచ్చుతుంది. అయితే పుట్టిన పిల్లలను నమ్మకంగా లెక్కపెట్టగలిగే బృందం ఉన్నచోటే ఇది నడుస్తుంది.

ఏ జంతువును తేవాలి

పశువులను చంపి పట్టుబడిన చిరుత ఉంది, ఉచితంగా ఇస్తాం, తీసుకెళ్లండి అంటారు. వద్దనండి. మహారాష్ట్రలో జున్నర్ ప్రాంతంలో అలా చిరుతలను పట్టి వేరేచోట వదలడం మొదలుపెట్టాక మనుషుల మీద దాడులు తగ్గకపోగా పెరిగాయని పరిశోధనలో తేలింది. కొలరాడోకు 2023 డిసెంబరులో ఒరెగాన్ నుంచి తెచ్చిన తోడేళ్లలో కొన్ని పశువుల మీద పడిన గుంపులవి. వాటిలో ఒక జంట కొత్తచోటా అదే పని చేసింది, ఏడాది తిరక్కముందే పిల్లలతో సహా పట్టాల్సి వచ్చింది.

తల్లిని వదిలి సొంత జాగా వెతుక్కునే వయసులో ఉన్నవి మంచివి. పులైతే రెండు నుంచి మూడున్నరేళ్లు. అప్పటికే స్థిరపడి పిల్లలున్నదాన్ని తెస్తే ఇల్లు వెతుక్కుంటూ వెనక్కి పోతుంది. ఆడవి ఎక్కువ, మగవి తక్కువ ఉండాలి. ఒక దానితో ఒకటికి దగ్గరి రక్తసంబంధం ఉండకూడదు, దీనికి రక్తమో మలమో డీఎన్ఏ పరీక్ష చేయించండి, చూపులతో చెప్పలేం.

రక్తం సంగతి పట్టించుకోకపోతే మొదట్లో ఏమీ తెలియదు. స్లొవేనియాలో 1973లో ఆరే ఆరు లింక్స్‌లను వదిలారు. బాగా పెరిగాయి, క్రొయేషియా, బోస్నియాల దాకా వ్యాపించాయి, గొప్ప విజయం అని రాసుకున్నారు. తర్వాత దగ్గరి సంబంధాల్లోనే పుట్టీ పుట్టీ క్షీణించడం మొదలైంది. 2019 నుంచి రొమేనియా, స్లొవేకియాల నుంచి మళ్లీ కొత్తవి తేవాల్సి వచ్చింది. మొదటి ప్రణాళికలోనే రెండో, మూడో విడతకు డబ్బు, తేదీ రాసి పెట్టుకోండి.

అడవిలో పుట్టినవి దొరకనప్పుడు? జూ జంతువును నేరుగా వదలకూడదు, కానీ దాని పిల్లలను వదలవచ్చు. అర్జెంటీనాలోని ఇబెరా చిత్తడి నేలల్లో చిరుతను పోలిన జాగ్వార్లు ఏడు దశాబ్దాలుగా లేవు. అక్కడ తానియా అనే మూడు కాళ్ల జూ జాగ్వార్‌ను పెద్ద ఎన్‌క్లోజర్లో ఉంచి, అది ఈనిన పిల్లలకు మనిషి కనపడకుండా బతికున్న ఆహారం అందించారు. వేట నేర్చుకున్న పిల్లలు తర్వాత అడవిలోకి వెళ్లాయి. రష్యా తూర్పు కొసన తల్లి లేని పులి పిల్ల జోలుష్కాను ఇలాగే పెంచి 2013లో వదిలితే రెండేళ్లకు దానికీ పిల్లలు కనిపించాయి. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో కూడా కన్హా నుంచి వచ్చిన అనాథ ఆడపులులు అడవికి అలవాటు పడ్డాయి. అన్నిచోట్లా ఒకటే నియమం: తిండికీ మనిషికీ సంబంధం ఉందని దానికి తెలియకూడదు.

పేర్లు పెట్టడం గురించి ఒక మాట. నాకు ఇష్టం లేదు. నంబరు చాలు. పేరు పెట్టిన జంతువు సమస్య అయిన రోజు, తీసుకోవాల్సిన నిర్ణయం అధికారి చేతుల్లో ఉండదు.

వదలడం

రెండు పద్ధతులు. పెట్టె తెరిచి అక్కడికక్కడే వదిలెయ్యడం ఒకటి, వదిలే అడవిలోనే కొన్ని వారాలు ఎన్‌క్లోజర్లో ఉంచి తర్వాత తలుపు తియ్యడం ఇంకొకటి. అమెరికాలో 1995, 1996ల్లో కెనడా తోడేళ్లతో రెండూ చేశారు. ఐడహోలో 35 తోడేళ్లను నేరుగా వదిలారు. అవి దూరదూరాలు తిరిగి, జతలు వెతుక్కుని, అక్కడే నిలదొక్కుకున్నాయి. యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో 31 తోడేళ్లను గుంపుల వారీగా ఎకరం మేర జాలీ కంచెల్లో సుమారు పది వారాలు ఉంచారు. జాగా చిన్నదై చుట్టూ పశువుల రైతులుంటే ఎన్‌క్లోజర్ పద్ధతి ఎంచుకోండి. మనుషులే లేని విశాలమైన అడవైతే నేరుగా వదలడంలో తప్పు లేదు.

కంచె అడుగు భాగంలో జాలీని లోపలికి మడిచి నేల మీద పరచాలి, లేకపోతే తవ్వుకుని పోతాయి. తిండి అంటే ఆ అడవిలో దొరికే జంతువు కళేబరమే, ఆవు మాంసం కాదు. వారానికి రెండుసార్లు వేసి వెంటనే వచ్చెయ్యాలి. ఫొటోలు తీసుకోవడానికి ఎవరినీ రానివ్వద్దు. మంత్రిగారినైనా సరే, ఈ మాట చెప్పడం కష్టమని తెలుసు, ముందే రాతపూర్వకంగా నియమం పెట్టుకుంటే కాస్త తేలిక.

యెల్లోస్టోన్‌లో తలుపు తీసినా తోడేళ్లు బయటికి రాలేదు. మనుషులు తిండి తెచ్చే తలుపు అది, దాని దగ్గరికి పోవడానికే భయం. చివరికి కంచెకు వేరేవైపు రంధ్రం కోస్తే అటునుంచి వెళ్లాయి. మీరు కట్టేటప్పుడే మనుషులకో తలుపు, జంతువులకు దూరంగా ఇంకో తలుపు పెట్టండి.

గుంపుగా బతికే జంతువులకు ఇంకో పని ఉంది. ఆఫ్రికా అడవి కుక్కల్లో ఒకచోట పట్టిన మగవాటిని, ఇంకోచోట పట్టిన ఆడవాటిని ఒక కంచెలో కలిపేముందు మత్తులో ఉన్నప్పుడే ఒకదాని ఒంటిని ఇంకోదానికి రుద్దుతారు. లేచేసరికి అన్నిటికీ ఒకటే వాసన. ఇలా కలవకుండా వదిలితే బయట చెల్లాచెదురైపోతాయి.

ఇంటి దారి పట్టినప్పుడు

వదిలిన తర్వాత మొదటి నెల మీకు నిద్ర ఉండదు. పన్నాలో పులులన్నీ పోయాక 2009 మార్చిలో రెండు ఆడపులులను, నవంబరులో పెంచ్ నుంచి టీ-3 అనే మగ పులిని తెచ్చారు. వదిలిన కొద్ది రోజులకే అది దక్షిణంగా, అంటే పెంచ్ దిక్కుకే నడక మొదలుపెట్టింది. ఊళ్లు, పొలాలు, రోడ్లు దాటుకుంటూ దాదాపు నెల రోజులు నడిచింది. ఏనుగులు, జీపులతో సిబ్బంది వెనకే తిరిగారు. డిసెంబరు 25న మత్తు ఇచ్చి వెనక్కి తెచ్చారు. ఈసారి ఆడపులి మూత్రం తెప్పించి అడవిలో అక్కడక్కడా చల్లారు. అది ఆగింది. 2010 ఏప్రిల్‌లో మొదటి పిల్లలు పుట్టాయి, ఇప్పుడక్కడ యాభైకి పైగా పులులున్నాయి.

దీన్నుంచి మీరు పట్టుకెళ్లాల్సింది: వదలకముందే చుట్టూ వంద కిలోమీటర్లకు పైగా ఉన్న రేంజ్ ఆఫీసర్లు, పోలీసు స్టేషన్లు, ఊరి పెద్దల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉండాలి, వాళ్లకు మీరెవరో తెలిసి ఉండాలి. మత్తు ఇవ్వగల డాక్టరు, పెట్టె, వాహనం నెలంతా సిద్ధంగా ఉండాలి. ప్లాన్ తప్పినప్పుడు ఎవరి మాట చివరిదో ముందే తేల్చుకోవాలి. యెల్లోస్టోన్ నుంచి బయటికి నడిచిన 10వ నంబరు మగ తోడేలును 1995 ఏప్రిల్‌లో ఒకడు కాల్చేశాడు. దాని జత 9వ నంబరు ఆ రోజుల్లోనే పార్కు బయట ఎనిమిది పిల్లలను ఈనింది. సిబ్బంది వెంటనే తల్లినీ పిల్లలనూ పట్టి మళ్లీ కంచెలోకి తెచ్చి ఎదిగేదాకా పెట్టారు. కంచె పీకెయ్యకుండా ఉంచారు కాబట్టి అది కుదిరింది.

వెనకే నడవడం

నా పని ఇది, కాబట్టి కాస్త గట్టిగా చెబుతాను. జీపీఎస్ కాలర్ మీ ఫోన్‌కి చుక్కలు పంపుతుంది, చుక్కలు చూసి అంతా తెలిసిందనుకోవద్దు. చుక్కలు ఒకేచోట చాలా గంటలు గుమికూడితే అక్కడ వేట జరిగిందని అనుమానించండి. జంతువు వెళ్లిపోయిందని నిర్ధారించుకున్నాక వెళ్లి వెతకండి: ఎముక, వెంట్రుక, కడుపులోని మేత పడి ఉంటాయి. చంపినది జింకా, దూడా అన్నది ఆ రోజే తెలియాలి. దూడైతే యజమాని మీకు ఫోన్ చేసేలోపు మీరే ఆయన ఇంటికి వెళ్లాలి. ఇలా వెళ్లడం ఒకటి రెండుసార్లు జరిగితే ఊళ్లో మీ మాటకు విలువ వస్తుంది, విషం సంగతి మీ చెవిన పడటం మొదలవుతుంది.

ఆడదాని చుక్కలు రోజుల తరబడి ఒక్క గుట్ట చుట్టే తిరుగుతుంటే పిల్లలు పెట్టిందేమో. అక్కడికి ఎవరూ వెళ్లకూడదు, కెమెరా పెట్టడానికైనా సరే. దూరంగా నీటి దారిలో జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసే కెమెరా ట్రాప్ పెట్టి నెలలు ఆగండి.

కాలరే ప్రాణం తియ్యగలదు. మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 చీతాలు వచ్చాయి. దక్షిణార్ధగోళంలో జూన్, జూలై చలికాలం, ఆ జంతువుల ఒంటికి ఆ లెక్కనే మందపాటి బొచ్చు వచ్చింది. ఇక్కడేమో అప్పుడు వానలు. తడిసిన బొచ్చు కింద, కాలర్ చుట్టూ పుండ్లు పడి ఈగల పురుగులు చేరి, రక్తం విషపూరితమై 2023లో కొన్ని చచ్చిపోయాయి. మిగతావాటిని మళ్లీ ఎన్‌క్లోజర్లలోకి తెచ్చి పరీక్షించాల్సి వచ్చింది. వేరే వాతావరణం నుంచి తెచ్చే జంతువైతే దాని ఒంటి క్యాలెండర్, మీ అడవి క్యాలెండర్ పక్కపక్కన పెట్టుకుని చూడండి. బైనాక్యులర్‌లో చూసేటప్పుడు మెడ చుట్టూ ఈగలు ముసురుతున్నాయా, జంతువు మాటిమాటికీ మెడ గోక్కుంటోందా అన్నది రోజూ రాయండి.

పెరిగిన తర్వాత

ఇది ఎవరూ రాసిపెట్టుకోరు. ఇటలీలోని ట్రెంటినోకు 1999 నుంచి స్లొవేనియా ఎలుగుబంట్లను పది తెచ్చారు. అవి వంద దాకా పెరిగాయి. 2023 ఏప్రిల్‌లో కొండదారిలో పరుగెత్తుతున్న ఒక యువకుడిని ఒక ఎలుగు చంపింది. అప్పటి నుంచి చంపాలా వద్దా అని కోర్టుల్లో వాదనలు, రోడ్ల మీద ఊరేగింపులు. పది ఉన్నప్పుడు రాసుకోవాల్సిన నియమాలు వంద ఉన్నప్పుడు రాస్తే ఇలాగే ఉంటుంది.

కాబట్టి మొదటి జంతువు పెట్టె ఎక్కకముందే ఒక కాగితం మీద రాయండి. ఊరికి దగ్గరగా ఎన్నిసార్లు వస్తే తరిమే బృందం వెళ్తుంది, ఎన్ని పశువులు పోతే పట్టి తీసేస్తారు, మనిషి మీద పడితే ఎన్ని గంటల్లో ఎవరు నిర్ణయం తీసుకుంటారు, చంపాల్సి వస్తే ఆ ఉత్తర్వు మీద సంతకం ఎవరిది. పక్క ఊళ్ల కాపరులు కూడా దాని మీద సంతకం చెయ్యాలి, ఒక నకలు వాళ్ల దగ్గర ఉండాలి. కాగితం రాసేటప్పుడు కష్టంగానే ఉంటుంది, జంతు ప్రేమికులు కొందరు మీటింగు మధ్యలో లేచి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

కాలర్లు అన్నిటికీ ఎప్పటికీ వెయ్యక్కర్లేదు. అక్కడే పుట్టినవి పెరిగి, వాటికీ పిల్లలు పుట్టాక కొత్తగా వెయ్యడం ఆపి, కెమెరాలు, మలం డీఎన్ఏలతో లెక్క సాగించండి. ఉచ్చుల నడక మాత్రం ఆపొద్దు. నెలనెలా, అవే దారుల్లో, మెరిసే వైరు ఎన్ని దొరికాయో రాస్తూ.